గేమింగ్ ఫోన్ గేమింగ్ కంప్యూటర్‌కు సాటి రాగలదా: మీ ఆటలతో మీరే తేల్చుకునే విధానం

గేమింగ్ ఫోన్ తీసుకోవాలా, గేమింగ్ కంప్యూటర్ తీసుకోవాలా అన్న సందేహం వచ్చినప్పుడు చాలామంది చిప్ పేరు, ర్యామ్, తెర రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్నది) పక్కపక్కన రాసుకుని జవాబు వెతుకుతారు. ఆ అంకెలు నిజమైనవే కావచ్చు గాని, అవి యంత్రం చల్లగా ఉన్న మొదటి రెండు మూడు నిమిషాలకే వర్తిస్తాయి. ఆడేవారికి తెలియవలసింది ఇరవయ్యో నిమిషంలో, నలభయ్యో నిమిషంలో ఆ యంత్రం ఎలా నడుస్తుందన్నది, అంతకంటే ముందు తాము ఆడదలచిన ఆట అసలు ఆ యంత్రంలో ఉందా అన్నది. అందుకే ఈ పోలికను ముందు ఆటలతో మొదలుపెట్టి, తర్వాత వేడిని, ఆపై నియంత్రణను, తెరను, ఆయుష్షును చూడమని చెబుతాను. ఈ వరుస తప్పకపోవడం మంచిది, ఎందుకంటే చాలామందికి మొదటి మెట్టు మీదే జవాబు దొరికిపోతుంది.

మొదట ఆటల జాబితా

ఒక కాగితం మీద గడిచిన ఆరు నెలల్లో మీరు నిజంగా గంటల తరబడి ఆడిన ఆటలను, వచ్చే ఏడాదిలో ఆడాలనుకుంటున్న ఆటలను రాయండి. ప్రతి పేరు పక్కన అది ఫోన్‌లో దొరుకుతుందా, దొరికితే అది అదే ఆటా లేక అదే పేరుతో ఫోన్ కోసం విడిగా తయారుచేసిన ఆటా అన్నది గుర్తుపెట్టండి. గెన్‌షిన్ ఇంపాక్ట్ 2020 సెప్టెంబరులో కంప్యూటర్‌కు, ఫోన్‌కు, ప్లేస్టేషన్ 4కు ఒకేసారి విడుదలైంది. ఫోన్‌లో ఆపిన చోటి నుంచి కంప్యూటర్‌లో కొనసాగించవచ్చు. 2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్, 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ అలాంటివి కావు. వాటిలోని పటాలు, ఆయుధాలు తెలిసినవిగానే కనిపించినా, అవి ఫోన్ కోసం వేరే బృందాలు నిర్మించిన వేరే ఆటలు. ఇక 2023 చివర్లో ఐఫోన్ 15 ప్రో మీదికి వచ్చిన రెసిడెంట్ ఈవిల్ విలేజ్ మూడో రకానికి చెందుతుంది: కన్సోళ్ల కోసం, కంప్యూటర్ కోసం తయారైన ఆటనే ఫోన్‌కు మలచి విడుదల చేశారు. ఈ మూడో రకం ఆటలు ఫోన్ చిప్‌ల సత్తాకు మంచి సాక్ష్యమే, కాని వాటి సంఖ్య ఇప్పటికీ చాలా తక్కువ.

కంప్యూటర్ ఆటను ఫోన్‌లోకి నేరుగా ఎక్కించుకోలేకపోవడానికి కారణం శక్తి ఒక్కటే కాదు. విండోస్ ఆటలు ఎక్కువగా ఎక్స్86 అనే ఆదేశాల భాషలో ఉంటాయి, ఫోన్ చిప్‌లకు అర్థమయ్యేది ఆర్మ్ ఆదేశాల భాష. బాక్స్64, వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లను కలిపి వాడుకునే విన్‌లేటర్ వంటి ఆప్‌లు ఒక భాషలోని ఆదేశాలను రెండోదానిలోకి అప్పటికప్పుడు మార్చి, పాత ఆటలను, చిన్న ఆటలను ఆండ్రాయిడ్ ఫోన్ మీద నడిపించగలుగుతున్నాయి. ఇది మెచ్చుకోదగిన పనే గాని, ఆ మార్పిడికే చిప్ శక్తిలో కొంత ఖర్చవుతుంది. మోసాలను పట్టుకునే భద్రతా సాఫ్ట్‌వేర్ ఉన్న ఆన్‌లైన్ ఆటలు ఈ దారిలో సాధారణంగా నడవవు. కాబట్టి మీ జాబితాలో ఏ ఆటనూ విన్‌లేటర్ మీద ఆశతో ‘ఫోన్‌లో ఉంది’ అని రాసుకోవద్దు.

జాబితా పూర్తయ్యాక సగానికి మించిన పేర్లు కంప్యూటర్‌లోనే ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు. ఎంత ఖరీదైన ఫోన్ అయినా లేని ఆటను ఆడించలేదు. వందల కొద్దీ సైన్యాలను, నగరాలను నడిపే వ్యూహాత్మక ఆటలు ఇష్టమైనవారు, ఆటలకు మాడ్‌లు (ఆటను మార్చేలా అభిమానులు తయారుచేసే అదనపు భాగాలు) తగిలించుకుని ఆడేవారు దాదాపు ఎప్పుడూ ఈ కోవలోకే వస్తారు. అలా కాకుండా జాబితాలో ఎక్కువ భాగం ఫోన్ ఆటలే ఉంటే ముందుకు వెళ్లండి, ఎందుకంటే అసలు పోలిక మీకు ఇప్పుడే మొదలవుతుంది.

వాట్ల లెక్క

ఫోన్ చిప్ కొద్దిసేపు పది వాట్లకు పైగా విద్యుత్తు వాడుకోగలదు. అయితే వాడిన ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది, ఫ్యాన్ లేని పలుచని ఫోన్ చేతిలో పట్టుకోదగినంత వెచ్చదనంలోనే ఉంటూ నిలకడగా బయటికి పంపగలిగే వేడి సుమారు ఐదు వాట్లు. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 అనే మధ్యతరగతి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 115 వాట్ల వరకు వాడుకుంటుంది, ఆర్‌టీఎక్స్ 4090 అయితే 450 వాట్ల వరకు వాడుకుంటుంది, ప్రాసెసర్ ఖర్చు దీనికి అదనం. ఫోన్ చిప్ ఎంత కొత్త పద్ధతిలో తయారైనా ఈ దూరం పూడదు. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 అనే ఫోన్ చిప్‌నూ, ఆర్‌టీఎక్స్ 40 శ్రేణి కార్డుల చిప్‌లనూ తయారుచేసేది తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ సంస్థే, అదీ దాదాపు ఒకే తరానికి చెందిన తయారీ పద్ధతిలో. అంటే రెండు వైపులా వాటుకు దక్కే పని దాదాపు ఒకే స్థాయిదని అర్థం. అలాంటప్పుడు ఇరవై రెట్లు విద్యుత్తు వాడే యంత్రంతో ఐదు వాట్ల యంత్రం ముడి శక్తిలో సమానం కావడం భౌతికశాస్త్రం ఒప్పుకోని పని.

జ్ఞాపకశక్తి వైపు కూడా లెక్క ఇలాగే ఉంటుంది. ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ అనే రకం ర్యామ్ ఉన్న ఫోన్‌లో సెకనుకు సుమారు 68 జీబీ సమాచారం కదలగలదు, దాన్ని ప్రాసెసర్, గ్రాఫిక్స్ భాగం రెండూ పంచుకోవాలి. ఆర్‌టీఎక్స్ 4060కి తన సొంతంగానే 272 జీబీ, 4090కి 1,008 జీబీ ఉంటాయి. ఫోన్ గ్రాఫిక్స్ చిప్‌లు ఈ లోటును తెలివిగా తట్టుకుంటాయి: తెరను చిన్న చిన్న పలకలుగా విడగొట్టి, ఒక్కో పలకను చిప్ లోపలి చిన్న జ్ఞాపకంలోనే గీసి ముగించి, పూర్తయిన ఫలితాన్ని మాత్రమే ర్యామ్‌కు పంపుతాయి. ఈ పద్ధతి లేకపోతే ఫోన్‌లో ఇవాళ మనం చూస్తున్న ఆటలు సాధ్యమయ్యేవి కావు. దానితో పాటు ఆటల తయారీదారులు ఫోన్ కోసం నీడల నాణ్యతను, దూరదృశ్యాలను, లోపల గీసే రిజల్యూషన్‌ను (చిత్రంలోని చుక్కల సంఖ్యను) తగ్గిస్తారు. ఏడంగుళాలకు లోపు తెర మీద ఆ తగ్గింపులో చాలా భాగం కంటికి ఆనదు. ముడి శక్తిలో ఫోన్ ఎన్నటికీ సాటి రాకపోయినా, తన తెర మీద తన ఆటల వరకు కంటికి ఇచ్చే అనుభవంలో చాలా దగ్గరికి రాగలదని నేను అనుకోవడానికి కారణం ఇదే.

ఈ రెంటికీ నడుమ నిలిచే యంత్రం ఒకటుంది, దాన్ని గమనిస్తే విషయం తేటపడుతుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ చేతిలో పట్టుకునే పరికరం. దాని చిప్ 4 నుంచి 15 వాట్లలోనే పనిచేస్తుంది, తెర 1280 బై 800 మాత్రమే. అయినా అది వేల కొద్దీ కంప్యూటర్ ఆటలను ఆడిస్తుంది, ఎందుకంటే అందులో ఫ్యాన్ ఉంది, ఎక్స్86 చిప్ ఉంది, విండోస్ ఆటలను నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. మంచి ఫోన్ చిప్‌కు ఆ స్థాయి పని క్షణికంగా చేతనవుతుంది. దానికి లోపించినవి నిలకడగా చల్లబరిచే ఏర్పాటు, ఆటల భాండాగారం.

ఇరవై నిమిషాల పరీక్ష

మీ దగ్గరున్న ఫోన్‌తోనో, కొనబోయే ఫోన్‌ను ఇప్పటికే వాడుతున్న స్నేహితుడి ఫోన్ అరువు తీసుకునో ఈ పరీక్ష తప్పక చేయండి. ముందు ఫోన్ కవరు తీసేయండి, తెర వెలుతురును సగం దగ్గర నిలిపి స్వయంచాలక సర్దుబాటును ఆపేయండి, ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఎనభై శాతం దరిదాపుల్లో ఉన్నప్పుడు, ఫోన్ కనీసం అరగంట సేపు తాకకుండా చల్లారాక మొదలుపెట్టండి. గది వేడిమిని కూడా రాసుకోండి. శీతల గదిలో వచ్చిన ఫలితం మండు వేసవిలో వచ్చే ఫలితంతో సరిపోలదు.

త్రీడీమార్క్ ఆప్‌లో వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ అనే పరీక్ష ఉంది. అది ఒక నిమిషం దృశ్యాన్ని ఇరవై సార్లు వరుసగా నడిపి, ప్రతి విడతకూ స్కోరు ఇచ్చి, అన్నిటికంటే తక్కువ స్కోరు అన్నిటికంటే ఎక్కువ స్కోరులో ఎంత శాతమో ‘నిలకడ’ అనే పేరుతో చూపుతుంది. మొదటి విడత స్కోరు ప్రకటనల్లో కనిపించే ఫోన్‌ది, చివరి విడత స్కోరు మీ చేతిలో ఉండబోయే ఫోన్‌ది. నిలకడ 60 శాతం ఉన్న ఒక ఫోన్‌కూ, 90 శాతం ఉన్న మరో ఫోన్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే, మొదటిదాని తొలి స్కోరు కాస్త ఎక్కువైనా రెండోదాన్నే తీసుకోమంటాను, చివరి విడత స్కోరులో అదే పైచేయి అయినంత వరకు. వైల్డ్ లైఫ్ విండోస్ కంప్యూటర్‌లోనూ నడుస్తుంది గనక రెండింటినీ ఒకే కొలబద్దతో కొలవవచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఎన్నో రెట్లు ముందుంటుంది, ఇరవయ్యో విడతలోనూ దాదాపు మొదటి విడత స్కోరే చూపుతుంది. ఈ రెండో సంగతే ఎక్కువ గమనించదగినది.

పరీక్ష ఆప్‌తో ఆగకండి. పరీక్ష ఆప్ పేరును గుర్తుపట్టి, మామూలుగా ఇవ్వని వేగాన్ని దానికి మాత్రమే వదిలే ఫోన్లు గతంలో బయటపడ్డాయి. మీ జాబితాలోని అన్నిటికంటే బరువైన ఆటను తెరిచి, జనసమ్మర్దమున్న ఒకే ప్రాంతంలో అరగంట ఆడండి. గేమింగ్ ఫోన్లలో ఆట నడుస్తుండగానే ఫ్రేముల సంఖ్యను (ఆట సెకనుకు గీసే చిత్రాల లెక్కను), వేడిని చూపే పలక ఉంటుంది. దాన్ని తెర మూలన నిలిపి ఐదు నిమిషాలకోసారి రాసుకోండి. ఆండ్రాయిడ్ డెవలపర్ ఎంపికల్లో కనిపించే రిఫ్రెష్ రేటు అంకెను ఫ్రేముల సంఖ్యగా పొరబడవద్దు, అది తెర ఎన్నిసార్లు మారుతోందో చెబుతుంది గాని ఆట ఎన్ని కొత్త చిత్రాలు గీసిందో చెప్పదు.

రాసుకున్న అంకెల్లో సగటు కంటే ఊగిసలాట ముఖ్యం. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో చిత్రానికి 16.7 మిల్లీసెకన్లు, 30 ఫ్రేములంటే 33.3 మిల్లీసెకన్లు. సగటు 55 వచ్చినా మధ్యమధ్యలో 30కి పడిపోతుంటే ఆ పడిపోయిన క్షణాల్లోనే కన్ను ఇబ్బంది పడుతుంది, గురి తప్పుతుంది. 120 హెర్ట్జ్ తెర మీద, అంటే సెకనుకు 120 సార్లు మారే తెర మీద, ఆట అనుమతిస్తే 40 ఫ్రేముల దగ్గర కట్టడి చేసి చూడండి. ఒక్కో చిత్రం సరిగ్గా మూడేసి సార్లు తెర మీదికి వస్తుంది గనక కదలిక సమంగా ఉంటుంది, ఫోన్ కూడా తక్కువగా వేడెక్కుతుంది. ఊగే 60 కంటే నిలిచే 40 నాకు ఎంతో హాయిగా ఉంటుంది.

వేడిని అదుపులో పెట్టడం

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఫ్రేముల పరిమితి. దాని తర్వాత లోపలి రిజల్యూషన్‌ను ఒక మెట్టు, నీడలను ఒక మెట్టు తగ్గించండి, పాత్రల ఆకృతుల నాణ్యతను మాత్రం అలాగే ఉంచండి. తెర వెలుతురు తగ్గించడం వల్ల కూడా కొంత వేడి తగ్గుతుంది. లోపలే చిన్న ఫ్యాన్ ఉన్న ఫోన్లు 2019లో వచ్చిన రెడ్ మ్యాజిక్ 3 నుంచి దొరుకుతున్నాయి, నిలకడలో ఆ ఫ్యాన్ తేడా స్పష్టంగా చూపిస్తుంది; ధ్వని, దుమ్ము దానికి చెల్లించే మూల్యం. వెనక తగిలించే పెల్టియర్ శీతలీకరణ పరికరాలు (విద్యుత్తు పంపితే ఒక వైపు చల్లబడే పలకలు) ఇంకా గట్టిగా పనిచేస్తాయి, అయితే గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచోట వాటి చల్లని పలక చుట్టూ నీటి బిందువులు చేరగలవు, కాబట్టి ఎంతసేపూ అత్యధిక స్థాయిలోనే నడపవద్దు.

బ్యాటరీ సంగతి కూడా ఇక్కడే చూడాలి. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్-గంటల శక్తి. చిప్, తెర, నెట్‌వర్క్ కలిసి 6 వాట్లు వాడితే మూడు గంటలకు కాస్త పైన ఖాళీ అవుతుంది. ఛార్జ్ చేస్తూ ఆడితే ఆట వేడికి ఛార్జింగ్ వేడి తోడవుతుంది, ఫోన్ తన వేగాన్ని ఇంకా త్వరగా తగ్గించుకుంటుంది, బ్యాటరీ కూడా త్వరగా ముసలిదవుతుంది. అందుకే కొనేముందు బైపాస్ ఛార్జింగ్ ఉందో లేదో చూడండి: ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్తును బ్యాటరీలోకి కాకుండా నేరుగా ఫోన్ పనికి పంపే ఏర్పాటు అది. రోజూ రెండు గంటలకు మించి ఆడేవారికి ఇది కొన్ని జీబీల అదనపు ర్యామ్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

చేతులు, తెర

గురిచూసి కాల్చే ఆటల్లో మౌస్‌కు ఉన్న కచ్చితత్వం బొటనవేలికి రాదు. వేలు తెరలో కొంత భాగాన్ని కప్పేస్తుంది, ఎక్కడ మీట ఉందో వేలికి స్పర్శ ద్వారా తెలియదు, బొటనవేళ్లు రెండూ ఒకేసారి నడవాలి, చూడాలి, కాల్చాలి. అనుభవమున్న ఫోన్ ఆటగాళ్లు ఈ ఇబ్బందిని రెండు విధాలుగా అధిగమిస్తారు: చూపుడువేళ్లను కూడా తెర మీదికి తెచ్చే క్లా పట్టుతో, ఫోన్‌ను స్వల్పంగా వంచి గురి సరిచేసుకునే జైరోస్కోప్‌తో. గేమింగ్ ఫోన్ అంచుల మీద ఉండే స్పర్శ మీటలు ఈ క్లా పట్టు అవసరాన్ని చాలావరకు తగ్గిస్తాయి. మామూలు ఖరీదైన ఫోన్‌లో లేనిది, గేమింగ్ ఫోన్‌లో నిజంగా పనికొచ్చేది ఏదని అడిగితే నేను మొదట వీటినే చూపిస్తాను. 2018లో వచ్చిన ఏసుస్ ఆర్‌ఓజీ ఫోన్ ఈ మీటలతో పాటు, అడ్డంగా పట్టుకున్నప్పుడు తీగ చేతికి అడ్డురాకుండా పక్క అంచున రెండో ఛార్జింగ్ రంధ్రాన్ని కూడా ఇచ్చింది. అలాంటి చిన్న ఏర్పాట్ల విలువ గంటసేపు ఆడాక తెలుస్తుంది.

పోటీ విషయంలో ఒక మాట. ఫోన్ ఆటలో మీ ఎదురుగా ఉండేవారూ ఫోన్ మీదే ఉంటారు. పబ్‌జీ మొబైల్ వంటివి కంప్యూటర్ ఎమ్యులేటర్ (ఫోన్ ఆటను కంప్యూటర్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్) మీద ఆడేవారిని గుర్తించి వేరుగా జతచేస్తాయి. కనుక ఫోన్ ఆట ఫోన్‌లో ఆడేవారికి మౌస్ లేకపోవడం లోటు కాదు. కంప్యూటర్ ఆటలో మౌస్ పట్టిన ప్రత్యర్థిని వేళ్లతో ఎదుర్కోవలసి వస్తేనే అది లోటు అవుతుంది. పరుగు పందేలు, ఫుట్‌బాల్, సాహస ఆటలకైతే యూఎస్‌బీ-సి ద్వారా ఫోన్‌కు ఇరువైపులా తగులుకునే కంట్రోలర్ కొనండి, అది బ్లూటూత్ కంట్రోలర్ కంటే తక్కువ ఆలస్యంతో స్పందిస్తుంది. కొనేముందు మీ ఆట కంట్రోలర్‌ను ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి, ఫోన్ ఆటల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు.

తెర నాణ్యతలో గేమింగ్ ఫోన్ వెనకబడి లేదు. 2022 నాటి ఆర్‌ఓజీ ఫోన్ 6 తెర సెకనుకు 165 సార్లు మారుతుంది, స్పర్శను 720 సార్లు గమనిస్తుంది. తేడా అంతా పరిమాణంలో ఉంది. 6.8 అంగుళాల తెరను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది మీ చూపులో అడ్డంగా సుమారు 29 డిగ్రీలు ఆక్రమిస్తుంది, 27 అంగుళాల మానిటర్ 65 సెంటీమీటర్ల దూరంలో 49 డిగ్రీలు ఆక్రమిస్తుంది. దూరాన దాగిన శత్రువును పట్టుకోవలసిన ఆటల్లో, చిన్న అక్షరాల జాబితాలు నిండిన ఆటల్లో ఈ ఇరవై డిగ్రీలు ఎంత విలువైనవో ఆడినవారికే తెలుస్తుంది. ఫోన్‌ను మానిటర్‌కు కలిపి ఆడాలనుకుంటే దాని యూఎస్‌బీ-సి రంధ్రం డిస్‌ప్లేపోర్ట్ ద్వారా చిత్రాన్ని పంపగలదా అన్నది వివరాల పట్టికలో వెతకండి. రంధ్రం ఆకారం ఒకటే అయినా ఈ సామర్థ్యం అన్ని ఫోన్లకూ ఉండదు.

కంప్యూటర్‌నే ఫోన్‌లోకి తెచ్చుకోవడం

ఇంట్లో ఇప్పటికే ఒక మోస్తరు గేమింగ్ కంప్యూటర్ ఉన్నవారు రెండింటిలో ఒకదాన్ని వదులుకోనక్కరలేదు. స్టీమ్ లింక్ ఆప్ గానీ, కంప్యూటర్‌లో సన్‌షైన్, ఫోన్‌లో మూన్‌లైట్ గానీ పెట్టుకుంటే ఆట కంప్యూటర్‌లో నడుస్తూ చిత్రం మాత్రం ఫోన్‌కు వస్తుంది. ఇక్కడ చేయవలసిన పని ఒక్కటే, దాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు: కంప్యూటర్‌ను రూటర్‌కు తీగతో కలపండి, ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైలో రూటర్‌కు దగ్గరగా ఉంచండి. రెండూ వైఫై మీదే ఉంటే చిత్రం తడబడుతుంది, ఆ నేరాన్ని చాలామంది ఫోన్ మీద మోపుతారు.

కంప్యూటర్ లేనివారికి, ఆటను తమ సర్వర్లలో నడిపి చిత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా పంపే జీఫోర్స్ నౌ, ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ వంటి సేవలున్నాయి. జీఫోర్స్ నౌ 720 పిక్సెళ్ల చిత్రానికి సెకనుకు 15 మెగాబిట్లు, 1080కి 25 మెగాబిట్లు, సర్వర్‌కు వెళ్లివచ్చే ఆలస్యం 80 మిల్లీసెకన్లకు లోపు కోరుతుంది. మీరు రోజూ ఆడే వేళలోనే కొలిచి చూసుకోండి. ఇలాంటి సేవలకు మామూలు ఫోన్ కూడా చాలు, గేమింగ్ ఫోన్ అవసరం లేదు. సేవ ఆగిపోతే ఆటలూ పోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. గూగుల్ స్టేడియా 2023 జనవరి 18న మూతపడినప్పుడు కొన్న ఆటలకు డబ్బు తిరిగి ఇచ్చారు గాని ఆ సేవ మిగల్లేదు.

ఎన్నేళ్లు నిలుస్తుంది

ధరలను పోల్చేటప్పుడు ఫోన్ ధరను, కంప్యూటర్ ధరను కాక, ఒక్కో ఏడాదికి పడే ఖర్చును పోల్చండి. కంప్యూటర్‌లో నాలుగేళ్ల తర్వాత గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మార్చి, పెట్టె, విద్యుత్ సరఫరా, తెర, కీబోర్డు అలాగే ఉంచుకోవచ్చు. ర్యామ్ చాలకపోతే మరో ముక్క తగిలించుకోవచ్చు. ఫోన్‌లో మార్చగలిగేది బ్యాటరీ ఒక్కటే, అదీ విప్పి మూయగలిగే చేయి దొరికితే. ఆపరేటింగ్ సిస్టమ్ నవీకరణలు, భద్రతా నవీకరణలు ఎన్నేళ్లిస్తామని తయారీదారు రాతపూర్వకంగా చెప్పాడో చూడండి. కేవలం గేమింగ్ పేరుతో అమ్మే ఫోన్లలో ఆ కాలం మామూలు ఖరీదైన ఫోన్ల కంటే తక్కువగా ఉండటం తరచూ కనిపిస్తుంది. మరోవైపు ఫోన్ మీకు ఎలాగూ ఒకటి కావాలి. మామూలు ఫోన్‌కు మీరు పెట్టబోయే సొమ్మును గేమింగ్ ఫోన్ ధరలోంచి తీసేసి, మిగిలిన తేడాను మాత్రమే ఆటల ఖర్చుగా లెక్కవేస్తే కొందరికి జవాబు తారుమారవుతుంది. ముఖ్యంగా జాబితా నిండా ఫోన్ ఆటలే ఉండి, బయట తిరుగుతూ ఆడేవారికి. ఈ లెక్క వేశాక ఫోన్ వైపే మొగ్గితే, కొన్న మొదటి వారంలోనే ఇరవై నిమిషాల పరీక్షను మళ్లీ చేసి అంకెలు దాచుకోండి, ఆరు నెలలకోసారి అదే గది వేడిమిలో మళ్లీ చేసి సరిచూసుకోండి. చివరి విడత స్కోరు బాగా పడిపోయినట్లు తేలితే లోపలి ఫ్యాన్‌లో, గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకుందేమో, ఈమధ్య వచ్చిన సాఫ్ట్‌వేర్ మార్పు వేగాన్ని తగ్గించిందేమో చూడండి. ఆడే సమయం తగ్గిపోతూ ఉంటే బ్యాటరీ ఆరోగ్యాన్ని సరిచూడండి. బ్యాటరీ మార్చడంతో చాలా ఫోన్లకు మరో రెండేళ్ల ఆయుష్షు వస్తుంది.